పాడె మీద నవ్వు

ఆ డైరెక్టర్ ఎంతమందిని చదివించాడో, ఎన్ని పెళ్లిళ్లు చేయించాడో పేపర్లు రాశాయి. మా అవ్వకు ఆయన ఇచ్చింది మాత్రం ఏ పేపరుకూ తెలియదు.

ఉదయగిరి కొండ కింద సినిమా తీస్తూ, శవం వేషానికి అవ్వను అడిగారు. అంత పేరున్న మనిషి స్వయంగా ఇంటికొచ్చి అడిగేసరికి ఉబ్బిపోయింది. ముక్కులో దూది పెట్టించుకుని, పాడె మీద పూటంతా కదలకుండా పడుకుంది.

సినిమావాళ్లకు ఒక ఆచారం ఉంది. శవంగా నటించిన మనిషిని లేచేముందు నవ్వించి, ఆ నవ్వు కూడా తీస్తారు. తియ్యకపోతే ఆ చావు అంటుకుంటుందని భయం. ఆ సాయంత్రం ఉన్నట్టుండి వాన పడింది. కెమెరాలు ఎత్తుకుని అందరూ పరుగెత్తారు. అవ్వ నవ్వు తియ్యలేదు. ఆచారం సంగతి మేకప్ అమ్మాయి ఆమెకు ముందే చెప్పేసింది.

మరునాటి నుంచి అవ్వ మంచం దిగలేదు, కూడు ముట్టలేదు. ముక్కులో దూది ఇంకా ఉన్నట్టు నోటితోనే గాలి పీల్చేది. పాస్టరుగారు ప్రార్థన చేసినా కళ్లు తెరవలేదు.

"నన్ను లేపకుండా పోయినారే పాపా. నేనింకా ఆడనే ఉండాను," అంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. భయమూ కోపమూ కలిసి వచ్చాయి నాకు.

యూనిట్ అప్పటికి ఆత్మకూరుకు మారింది. బస్సెక్కి పోయి, అన్నం తింటున్న డైరెక్టర్‌ను కడిగేశాను. "మీ సినిమా పిచ్చికి మా అవ్వ పోతా ఉండాది సార్."

నవ్వుతాడనుకున్నాను. చెయ్యి కడుక్కుని, "తప్పు నాదేనమ్మా, పద," అన్నాడు. షూటింగ్ ఆపి, పాడెనూ కెమెరానూ వ్యాన్ ఎక్కించాడు.

మా వాకిట్లో అవ్వను పాడె మీద పడుకోబెట్టి నవ్వమని ఎంత బతిమాలినా పెదవి కదల్లేదు. ఆయన కాసేపు చూసి, "లే అవ్వా, నీ బదులు నేను పడుకుంటా," అన్నాడు. ఆమెను మంచం మీదికి చేర్చి, తాను పాడె మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూశాడు. పొడుగు మనిషి, పాడె చాలక కాళ్లు బయటికొచ్చాయి. అవ్వ తల తిప్పి చూసి కిసుక్కుమంది. కెమెరా ఆ నవ్వును పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ పూటే అవ్వ గంజి తాగింది.

ఆయన లేచి, మట్టి దులుపుకుని వెళ్లిపోయాడు. ఆయన నవ్వు కూడా తియ్యాలని మాకెవరికీ తోచలేదు.

"ఆయప్పకు తియ్యలేదే?" అంది అవ్వ. నోరు మూసుకోమన్నాను.

సినిమా విడుదల కాకముందే ఆయన పోయాడు. గుండెపోటు అన్నారు. అద్దాల పెట్టెలో పడుకోబెట్టి టీవీలో చూపించారు. అవ్వ మెల్లగా లేచి వెళ్లి, టీవీ మీద చెయ్యి పెట్టింది.

"ఆడ పడుకోవాల్సింది నేను నాయనా. లెయ్యి," అంది.

టీవీ కట్టేశాను. అయినా పిలుస్తూనే ఉంది.