గుంట మగ్గం పక్కన ఇగువానా

2003లో నేను అమలాపురం దగ్గర ఒక పశువైద్యశాలలో డాక్టరుగా ఉన్నాను. మా దగ్గరికి వచ్చేవన్నీ గేదెలు, దూడలు, మేకలు. ఒక వేసవి ఉదయం బండారులంక నుంచి రత్నం అనే నేతపనామె ఆటోలో ఒక వెదురు గంప తెచ్చింది. మూత తాడుతో బిగించి ఉంది. లోపల చిలకపచ్చ రంగు బల్లి, తోకతో కలిపి గజం పొడవుంటుంది.

"దీనికి ఇంజెక్షన్ ఇచ్చేయండి డాక్టరుగారండీ. నొప్పి తెలీకుండా పోవాలండి" అంది. కళ్లు మాత్రం గంప మీదే ఉన్నాయి.

అది ఇగువానా, ఆకులు తిని బతికే విదేశీ బల్లి. ఆమె భర్త మస్కట్‌లో ఒక ఇంట్లో పెంపుడు జంతువులను చూసుకునేవాడు. సెలవుకొచ్చినప్పుడు మద్రాసులో దీన్ని పిల్లగా ఉన్నప్పుడు కొనితెచ్చి, కొన్నాళ్లు పెంచి, మళ్లీ మస్కట్ వెళ్లిపోయాడు. అతని చేతుల్లో బుద్ధిగా ఉన్నది, ఇప్పుడు గూడు తెరిస్తే చాలు తోకతో కొడుతోంది. అత్తగారి వేలు కరిచింది. అది ఉడుమని, విషమని, ఇంటికి కీడని ఇరుగుపొరుగు భయపెడుతున్నారు.

"మీవారికి చెప్పారా అమ్మా?"

"ఆయ్, చెప్పేనండి. ఫోన్‌లో ఏడ్చేరండి. నీ ఇష్టం అన్నారు."

పరీక్ష కోసం జంతువును కదలకుండా పట్టుకోవడాన్ని మేం రెస్ట్రెయింట్ అంటాం. పైనుంచి మెడ పట్టబోయాను. తోక చెళ్లుమని ముంజేతికి తగిలి వాత తేలింది.

"చూసేరా అండీ!" అంది రత్నం. ఇద్దరికీ నవ్వాగలేదు.

జంతుప్రదర్శనశాలలో పనిచేసే స్నేహితుడికి ఫోన్ చేశాను. "పైనుంచి పట్టావా? దానికి పైనుంచి వచ్చేది గద్దేరా" అన్నాడు. పక్కనుంచి పొట్ట కింద చెయ్యి జరపాలి, నాలుగు కాళ్లూ చేతి మీద ఆనుకోనివ్వాలి, ఊడిపోతుంది కాబట్టి తోక పట్టకూడదు. ఇంట్లో పెడుతున్న పప్పన్నం, గుడ్లు మాని ఆకులు పెట్టాలి. ఎండ తగలాలి.

"కొన్నాళ్లు చూద్దామమ్మా. అప్పటికీ మారకపోతే మీరన్నట్టే చేస్తాను."

"నాకు భయమండి."

"నాకూ భయమేనమ్మా."

వీలైనప్పుడల్లా వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. కిటికీ ఎండ పడేచోట, గుంట మగ్గం పక్కనే గూడు పెట్టించాను. గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే రత్నం తల గూటికి సమానంగా ఉండేది. మీదికి వంగే మనిషిగా కనిపించేది కాదు. మొదట్లో ఊరికే నేసుకుంటూ ఉండేది. తర్వాత మందారపువ్వు అందించసాగింది. ఒక సాయంత్రం నా ఎదుటే ఊపిరి బిగబట్టి చెయ్యి లోపలికి జరిపింది. ఇగువానా ఒక్కో కాలే వేస్తూ ఆమె ముంజేతి మీదికెక్కి కళ్లు మూసుకుంది.

"అది కళ్లు మూసేసిందే! చచ్చిపోయిందేమో చూడవే!" అని గడప అవతలి నుంచి అత్తగారు కేక పెట్టింది.

"లేదత్తయ్యా, కునుకు తీస్తోంది" అంది రత్నం గుసగుసగా. ఆమె కళ్లు చెమర్చాయి.

మరుసటి నెల నేను వెళ్లేసరికి అత్తగారే మునగాకు దూసి పెడుతోంది. గూటికి కాస్త దూరంగా కూర్చుని, అంతే.

మళ్లీ సెలవుకొచ్చిన భర్త ఆత్రంగా గూటి మీదికి వంగితే తోకదెబ్బ తిన్నాడట. "అలా కాదండీ, పక్కన కూర్చోండి, తొందరపడకండి" అని రత్నమే అతని చెయ్యి పట్టుకుని నేర్పిందని తనే నవ్వుతూ చెప్పాడు.

ఆ తర్వాత పొగరుబోతుదని ఎవరు ఏ పశువును తెచ్చినా, నేను ముందు చూసేది తెచ్చినవారి చేతిని. అది ఎటునుంచి వస్తోంది, ఎంత తొందరలో ఉంది అని. చాలాసార్లు వైద్యం అక్కడే మొదలవుతోంది.