తాండూరులో డెమో క్లాసు

పాపకు రెండేళ్లు నిండిన వేసవి మొదట్లో, ఇంకా బడులు నడుస్తుండగానే, ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాను. బీఈడీ అయిన ఏడాదే పెళ్లి, మరుసటి ఏడాది పాప. మా ఆయన బోర్లు వేసే బండి మీద పనిచేసేవారు. ఆ బండిని ఎక్కడికి పిలిస్తే అక్కడికి, ఎక్కువగా కర్ణాటక వైపు, వెళ్లిపోయేవారు. నెలకు రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అత్తమ్మ పూడూరు దగ్గర పల్లెలో గొర్రెలతో ఉండేది. వచ్చి మాతో ఉండమంటే, "నేనొస్తే గీ జీవాలనెవరు చూస్తరు బిడ్డా? నువ్వే ఈడికి రారాదూ" అనేది. అక్కడికి పోతే బడి ఉద్యోగం దొరకదు. అలా వికారాబాద్‌లో ఒక అద్దె గదిలో పాపా నేనూ మిగిలాం.

పెద్దవాళ్లతో ఒక్క మాటైనా మాట్లాడకుండానే గడిచిపోయే రోజులుండేవి. పాపకు వచ్చిన మాటలు పదో పన్నెండో. నేనూ వాటితోనే సరిపెట్టుకునేదాన్ని. ఒకసారి కిరాణా కొట్టులో బియ్యం అడగబోయి, "రెండు కిలోల బువ్వ ఇవ్వండి" అన్నాను. కొట్టాయన నవ్వకుండా బియ్యం తూచి ఇచ్చాడు. నేనే ఇంటికొచ్చి, సంచీ దించకుండా చాలాసేపు గడప మీద కూర్చుండిపోయాను.

ఊళ్లో నాలుగు ప్రైవేటు బడులకు వెళ్లాను, పాపను చంకనెత్తుకునే. అన్నిచోట్లా సర్టిఫికెట్ల కంటే ముందు పాపనే చూశారు. "పాప జర పెద్దగైనంక రండమ్మా" అన్నాడొకాయన, మర్యాదగానే. ఇంకో చోట నా దరఖాస్తు తీసుకున్న మనిషి, నేను మెట్లు దిగకముందే దాంతో విసురుకోవడం కిటికీలోంచి కనిపించింది.

తాండూరులో ఒక బడికి లెక్కల టీచరు కావాలని తెలిసి ఫోన్ చేస్తే డెమో క్లాసుకు రమ్మన్నారు. పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. పాపను చూసుకుంటానన్న పక్కింటామె ఆ పొద్దునే జ్వరంతో లేవలేకపోయింది. చేసేదేంలేక పాపతోనే రైలెక్కాను. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు కన్నడంలో మాట్లాడుకుంటున్నారు. పాపను చూసి నన్నేదో అడిగారు. నేను అర్థం చేసుకుని జవాబు వెతుక్కునేలోగా మళ్లీ తమ కబుర్లలో పడిపోయారు.

బడి గేటు దగ్గర ఒక ముసలి ఆయా నన్ను ఆపింది.

"పిల్లతోని లోపటికి పోతే తీస్కోరు బిడ్డా. మొన్న గిట్లనే ఒకామెను వాపస్ పంపిన్రు. నా దగ్గర ఇడ్సిపెట్టి పో."

"ఏడుస్తదేమో అవ్వా."

"ఏడ్వని పిల్లలుంటరా? నువ్వు ఫికర్ చెయ్యకు."

పాపను ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్లాను. ప్రిన్సిపాల్ మేడమ్ కాగితాలన్నీ చూసింది. "చిన్నపిల్లలున్నారా మీకు? ఊకె సెలవులు పెడితే మాకు కష్టమైతది" అంది.

"లేరు మేడమ్" అన్నాను. ఆ మాట నా నోట అంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు.

నాలుగో తరగతికి భిన్నాలు చెప్పమన్నారు. బోర్డు మీద పెద్ద జొన్నరొట్టె గీశాను. ఇంట్లో నలుగురున్నారు, రొట్టె ఒక్కటే, ఎట్లా పంచుదామని అడిగాను. రెండో బెంచీలో ఒక పిల్ల లేచి, "మా అమ్మ తినదు టీచర్. ముగ్గురికే పంచండి" అంది. అందరూ నవ్వారు. అమ్మకు కూడా పెట్టాల్సిందేనని ఒకరు, ఇంకో రొట్టె చేస్తే అయిపోతుందని ఒకరు వాదించుకున్నారు. నా మాటకు అన్ని గొంతులు బదులు పలికి ఎన్నాళ్లయిందో. ఆ సంతోషంలో పాప సంగతే మరిచిపోయాను.

అప్పుడే చూస్తే గుమ్మంలో పాప ఉత్త కాళ్లతో నిలబడి ఉంది. "అమ్మా" అంది.

చివరి బెంచీలో కూర్చున్న మేడమ్ తల తిప్పింది. "ఎవరి పాప ఇది?"

నాదేనని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. నేను సుద్దముక్క పట్టుకుని ఆ క్షణాన్ని పోనిచ్చాను. వెనకే ఆయాసపడుతూ ఆయా వచ్చి పాపను ఎత్తుకుంది.

"నా మన్మరాలు మేడమ్. ఇంట్ల ఎవ్వల్లేరని తెచ్చిన."

మేడమ్ ఆమెను అందరి ముందే కోప్పడింది. ఆయా తలవంచుకుని విని వెళ్లిపోయింది. ఆమె భుజం మీదనుంచి పాప నా వైపు చేతులు చాస్తూనే ఉంది. నేను బోర్డు వైపు తిరిగి మిగతా పాఠం పూర్తి చేశాను.

"పిల్లల్ని మంచిగ మాట్లాడించారు. సోమవారం నుంచి రండి" అంది మేడమ్.

నేను బయటికొచ్చేసరికి కుళాయి దగ్గర ఆయా ఒళ్లో పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

"నా వల్ల నువ్వు మాట పడ్డవవ్వా."

"నాకేం కొత్త గాదు. నౌకరొచ్చిందా?"

"వచ్చింది."

"మరి మొఖం గట్లెందుకు పెట్టినవ్?"

నేను పాపను అందుకున్నాను.

తిరుగు రైల్లో పాప లేచి, నన్ను పట్టుకోకుండా కిటికీలోకి చూస్తూ కూర్చుంది. రెండేళ్ల పిల్లకు ఇవేవీ గుర్తుండవని అంటారు. ఆ రోజు నాకు ఆ మాట చెప్పేందుకైనా ఎవరూ లేరు. సాయంత్రం మా ఆయన ఫోన్ చేస్తే వెనక బోరు మోత. "వచ్చిందా? మంచిగైంది" అన్నది మాత్రం వినిపించింది. తర్వాత లైను తెగిపోయింది.

ఆదివారం నేనే మేడమ్‌కు ఫోన్ చేసి, తరగతిలోకి వచ్చింది నా బిడ్డేనని చెప్పాను. ఆయానేమీ అనవద్దని బతిమాలాను.

"ఆమెనేమనను. మీరు అప్పుడే చెప్పాల్సింది" అని మేడమ్ ఫోన్ పెట్టేసింది. సోమవారం నేను వెళ్లలేదు. మళ్లీ రమ్మని వాళ్లూ పిలవలేదు.

వేసవి సెలవులయి బడులు తెరిచాక మోమిన్‌పేట్ దారిలో ఒక చిన్న బడిలో పని దొరికింది. ఈసారి పాపను చూపించే అడిగాను. నర్సరీ గదిలో కూర్చోబెట్టుకోమన్నారు. మొదటి వారాలు గోడ అవతల పాప ఏడుస్తుంటే, ఇవతల నేను ఎక్కాలు చెప్పించేదాన్ని. ఒకరోజు ఆ ఏడుపు వినిపించలేదు. పాఠం ఆపి చెవిపెట్టాను. పాప ఎవరితోనో ఆడుకుంటూ నవ్వుతోంది. ఊరటగానే ఉంది. అయినా నా తరగతి పిల్లలు ఎదురుచూస్తున్నారని గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది.