ఐసు ఫ్యాక్టరీలో వరద

రిటైరయ్యాక కాలక్షేపానికి నేనొక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాశాను. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మా బావ ఐసు ఫ్యాక్టరీ దానిమీదే నడుస్తుంది. అక్కడ పెట్టబోయిన కొత్త ప్రోగ్రాం, ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా నడవడానికి వచ్చిన కొత్త ప్రమాణం ఉంటేనే పనిచేస్తానంది. అందుకు తలా ఒక పని చేసిపెట్టే ఫంక్షన్లు బోలెడు రాయాలి. ఎవరు రాస్తారు? సిస్టమ్‌లో ఏమేమున్నాయో చెప్పే సి భాష హెడర్ ఫైల్లో వాటి పేర్లన్నీ ఎక్కించి, ఒక్కోదాని లోపల "అయిపోయింది" అన్న జవాబొక్కటే పెట్టాను. వంటవాడు లేకుండా బోర్డు మీద బిర్యానీ రాసినట్టు!

పొద్దున్నే వేటకెళ్లే బోట్లు ఐసు కోసం కాచుకున్నాయి. నీళ్లు గడ్డకట్టేదాకా ఆగమంది ప్రోగ్రాం. "అయిపోయింది" అంది నా ఫంక్షన్. ఐసు దిమ్మలు కట్టే డబ్బాలన్నీ నీళ్లతోనే బోర్లా తిరిగాయి. పీకల్లోతు వరద! బావ ఈదుకుంటూ బయటికొచ్చాడు.

"ఏటి బావా ఇది? ఐసేదీ?"

"కొత్త ప్రమాణం బావా."

"బోట్లోల్లు నన్ను సంపేత్తారు! సేపలు నీ హెడర్లో పెట్టుకుంటారేటి?"

పాత హెడర్, పాత ప్రోగ్రాం మళ్లీ పెట్టాను. ఐసు తయారై బోట్లు కదిలేసరికి సాయంత్రమైంది.

పీకల్లోతు అన్నాను గానీ, నిజానికి తడిసింది బావ చెప్పులే. ఆ హెడర్ ఫైల్‌ది ఎవరి పోలికో మీకిప్పటికి తెలిసే ఉంటుంది.