నేపాల్ నియోజకవర్గానికి మా లంక పెద్దల కట్టుబాటు

నేపాల్ పశ్చిమ కొండల్లో ఒక పార్లమెంటు నియోజకవర్గం ఉంది. దాని ఎన్నికల చరిత్ర తెలుగులో ఎవరూ రాసినట్టు లేదు. ఎవరూ అడగలేదు కూడా. అయినా ఇది రాసిపెట్టక తప్పదు. అక్కడ మొన్న పడిన ఓట్లలో ఒకటి ఎటు పడాలో తేల్చింది కొల్లేటి లంకలో రామాలయం ముందు కూర్చున్న మా పెద్దలు. రేపు ఖాట్మండులో ఏ పండితుడో ఈ చరిత్ర రాస్తే ఆ ముక్క తప్పకుండా వదిలేస్తాడు.

నేను బళ్ళో చదివింది పదో తరగతి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్లో గుమాస్తాని. మిగతా చదువంతా ఏలూరు లైబ్రరీలో, ఫ్యాను తిరిగే మూల కుర్చీలో అయింది. శుక్రవారం లైబ్రరీకి సెలవు. ఆ ఒక్క రోజూ నాకేమీ తెలియదు. మా చుట్టాల్లో ఎవరికే సందేహం వచ్చినా ముందు నన్నే అడుగుతారు. తరవాత డిగ్రీ చదివినవాణ్ణి అడిగి సరిచూసుకుంటారు.

మా అక్క మొగుడికి ఆకివీడు అవతల లంక గ్రామంలో చేపల చెరువుంది. అది కొల్లేరు అభయారణ్యం హద్దుకి లోపలా బయటా అన్నది బావగారికీ అధికారులకీ మధ్య ఎంతో కాలంగా నడుస్తున్న సాహిత్య చర్చ. గట్టు మీద రేకుల షెడ్డులో ఉండి ఆ చెరువు కాసేది ఒక నేపాలీ. వచ్చి చాలా ఏళ్ళయింది. మా యాస మాకంటే మర్యాదగా మాట్లాడతాడు. చేపల కోసం వాలే కొంగల్ని కూడా 'లేవండీ' అనే తోలతాడని మా అక్క అంటుంది.

నేపాల్లో కుర్రాళ్ళు రోడ్డెక్కి ప్రభుత్వం పడిపోయి, మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. సరిగ్గా ఇక్కడ చెరువు చేపల పట్టుబడికొచ్చిన సమయంలో అతను సెలవడిగాడు.

"ఓటేసొస్తానండి."

"ఒక్క ఓటు కోసం హిమాలయాలెక్కుతావా? మతుండే మాట్లాడుతున్నావా?" అన్నారు బావగారు.

"మా ఊరికి ఏరు అడ్డమండి. తీగ మీద పెట్టె కట్టి, అందులో కూర్చుని దాటాలండి. మా అమ్మాయి బడికి అలాగే ఎల్తదండి. వంతెన ఏయిస్తానని ఒకాయన మూడుసార్లు గెలిచాడండి. ఈసారి ఆయన్ని దించాలండి."

"సెలవంటే నేనివ్వగలను గాని, ఓటంటే ఊరి మాటయ్యా," అన్నారాయన.

ఆ లంకలో ఓటు సొంత ఆస్తి కాదు. ఎన్నికల ముందు పెద్దలు రామాలయం దగ్గర కూర్చుని ఎటువైపో తేలుస్తారు. ఊరంతా అటే గుద్దుతుంది. కట్టు తప్పితే తప్పు వేస్తారు. ఊరి నీళ్ళు తాగినవాడు గనక నేపాలీ కూడా ఈ కట్టులోకే వస్తాడని పెద్దలకి తోచింది. అయితే అక్కడి సంగతులు తెలియాలిగా? నాకు కబురొచ్చింది.

ఏలూరు వెళ్ళి పాత పత్రికల కట్టలు విప్పించాను. వాటిలో దొరకనివి ఫోన్లో వెతికాను. లైబ్రరీలోనే కూర్చుని వెతికాను గనక అదీ లైబ్రరీ చదువే.

చరిత్ర ఇదీ. రాజుగారి రోజుల్లో చాలాకాలం పార్టీలు లేకుండా ఎన్నికలు జరిగేవి. ఎవరు గెలిచినా రాజుగారే గెలిచేవారు. ఆనక పార్టీలొచ్చాయి. మనవాడు చెప్పిన పెద్దమనిషి మొదట రాజుగారు ఉండాలన్న పార్టీలో గెలిచాడు. తరవాత రాజుగారు పోవాలన్న పార్టీలో గెలిచాడు. రాజుగారు పోయాక, ఇంకా ఆ గొడవెందుకన్న పార్టీలో గెలిచాడు. మధ్యలో సీట్లు తగ్గించి నియోజకవర్గం హద్దులు మార్చారు. ఆయన వంతెన హామీ మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదు.

ఆదివారం బల్లకట్టు ఎక్కి లంకకి వెళ్ళాను. మా బల్లకట్టు నిండితే గాని కదలదు. ఒడ్డున కూర్చుని రాసుకున్నదంతా మరోసారి చదువుకున్నాను. ఈ ఊరికీ వంతెన రావాలి. ప్రతి ఎన్నికకీ వస్తుంది.

పెద్దల ముందు చదివాను. 'హద్దులు మార్చారు' అనగానే ఒకాయన ఉలిక్కిపడ్డాడు.

"మార్చి? గట్లు కొట్టేశారా?"

"చెరువులు కాదండి, ఓట్ల హద్దులు."

"బతికించావు. చదువు."

మొత్తం విన్నాక అందరిలోకీ పెద్దాయన తొడ మీద చరుచుకున్నాడు. "మూడు పార్టీలు మారి మూడుసార్లు గెలిచాడా! మనిషంటే ఆడండీ! ఈ ఊరు ఎప్పుడూ గెలిచేవోడి పక్కనే. ఆడికే వేసెయ్యి."

నేపాలీ చేతులు కట్టుకుని నేల చూశాడు. "ఆయనకే ఎయ్యాలంటే నేనెందుకండి ఎల్లడం?"

"ఎల్లకు. పట్టుబడైనా సవ్యంగా అవుద్ది."

సెలవు అక్కడితో గోవిందా అనిపించింది. లేచి నిలబడ్డాను. "ఏవండీ, అక్కడ ఒక్కో మనిషికీ రెండు ఓట్లుంటాయండి."

"మనకీ రెండేగా? ఎమ్మెల్యేకోటి, ఎంపీకోటి."

"వాళ్ళకి రెండూ పార్లమెంటుకేనండి. ఒక కాయితం మనిషికి, ఒక కాయితం పార్టీకి."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అందులో పెద్ద కాయితం ఏది?"

"పార్టీదండి. దేశంలో పార్టీలన్నీ అందులోనే ఉండాలి కదండీ. పరిస్తే దుప్పటంత."

"అయితే పెద్దది ఊరిది. చిన్నది ఆడిష్టం. మనం మరీ అన్యాయం చెయ్యం."

నేపాల్లో ఆ పెద్దమనిషిని దించేది ఏ కాయితమో నన్నెవరూ అడగలేదు. అడగని ప్రశ్నకి జవాబు చెప్పకూడదని లైబ్రరీలో ఎక్కడో చదివిన గుర్తు. నేపాలీ అందరికీ వంగి దణ్ణం పెట్టి ఆ వారంలోనే రైలెక్కాడు. అతను లేని రోజుల్లో బావగారే షెడ్డులో కాపలా పడుకున్నారు. ప్రజాస్వామ్యం మీదా దోమల మీదా ఆయనకున్న అభిప్రాయాలు మా అక్క భరించింది.

తిరిగొచ్చాక పెద్దలు మళ్ళీ కూర్చుని, ముందు అతని బొటనవేలి గోటి మీద సిరా చూశారు.

"పెద్ద కాయితం?"

"మీరు చెప్పినట్టేనండి, ఆయన పార్టీకే."

"ఫలితం?"

"ఆయన ఓడిపోయాడండి."

అందరూ నావైపు తిరిగారు. ఊరు ఓడినవాడి పక్కన నిలబడడం అదే మొదలట. పెద్దల్ని తప్పుదోవ పట్టించినందుకు నాకు తప్పు వేశారు. రామాలయం వంటలో ఉల్లి పనికిరాదు గనక శ్రీరామనవమి పానకానికి బెల్లం తెమ్మన్నారు.

"మరి వంతెన?" అన్నారు బావగారు.

"గెలిచినాయన కూడా ఏయిస్తానన్నాడండి."

పెద్దలు పడీపడీ నవ్వారు. "ఆడూ అన్నాడా!"

"అన్నాడండి. ఆ పెట్టెలో కూర్చుని, ఏరు దాటొచ్చి మరీ అన్నాడండి. దిగాక కూడా పెట్టె అంచు వదల్లేదండి. పాతాయన ఒక్కసారీ ఎక్కలేదండి."

నవ్వులు ఆగాయి. "మన ఎమ్మెల్యే బల్లకట్టెప్పుడెక్కాడ్రా?" అని ఒకాయన పక్కాయన్ని మెల్లిగా అడిగాడు. పక్కాయన కండువా దులుపుకున్నాడు.

ఈ రచనకి తోడ్పడిన వారందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పాలనే రాసుకున్నాను. ఎవరికి వారు విడిగా వచ్చి తమ పేరొద్దని బతిమాలారు. కాబట్టి, దుమ్ము తిట్టుకుంటూనే కట్టలు దించిన ఏలూరు లైబ్రరీ అమ్మగారికి, దోమల్ని భరించిన బావగారికి, బావగారిని భరించిన మా అక్కకి, కాయితాన్ని సైజు చూసి ఎంచుకున్న పెద్దలకి, చిన్న కాయితంతో సరిపెట్టుకున్న నేపాలీకి ధన్యవాదాలు. నిండేదాకా కదలని బల్లకట్టు నడిపే ఆయనకి మరీను. వంతెనే ఉంటే ఈ చరిత్ర ఒడ్డున కూర్చుని సరిచూసుకునే తీరిక నాకు దొరికేది కాదు. ఆ తీరికని ఇన్నేళ్ళుగా కాపాడుకొస్తున్న, మా లంక ఏకగ్రీవంగా గెలిపిస్తూ వచ్చిన నాయకులందరికీ కూడా.