నేల కింది చుట్టం

వానలు నాలుగు పడి అడవిలో పుట్టగొడుగులు లేస్తే చాలు, ఊళ్ళో సగం మంది బుట్టలు పట్టుకుని అటే పరుగు. తెచ్చినవి పొయ్యి ఎక్కించేముందు మాత్రం కూరగాయల మార్కెట్ వెనక గదిలో ఉన్న స్పాంజి పిన్నికి చూపించాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా తనిఖీ ఉద్యోగం ఆమెదే. ఒక బల్ల, ఒక చిన్న కత్తి, పక్కన పెద్ద చెత్తడబ్బా.

ఎవరు బుట్ట దింపినా ముందు గొడుగును వెల్లకిలా తిప్పి, "స్పాంజా, రేకులా?" అనేది. గొడుగు కింద పుస్తకం పేజీల్లా రేకులుంటే ఒక లెక్క. సన్నటి చిల్లులతో స్పాంజిలా ఉంటే అది బొలీటు, దాని లెక్క వేరు. ఆ పేరు అలా వచ్చిపడింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆమె నోటికి మొహమాటం తెలీదు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి బంగాళాదుంపలాంటి గుండ్రటివి ఏరుకొస్తే, ఒకదాన్ని నిలువునా కోసి లోపలి నల్లటి గుజ్జు చూపించింది.

"చూడ్డానికి ఎక్కడా పోలిక లేదు గానీ ఇదీ బొలీటుకి చుట్టమే. చుట్టం కదా అని ఇంటికి తీసుకెళ్ళారో, వాంతులతో ఇల్లు అలుకుతారు!"

బుట్ట మొత్తం డబ్బాలోకి పోయింది. కోసినచోట నీలం పడిందని గుండెలు బాదుకునేవాళ్ళనీ వదిలేది కాదు. "నీలం పడితే విషమనీ కాదు, పడకపోతే అమృతమనీ కాదు. నోరు మూసుకుని నన్ను చూడనివ్వండి."

ఆమె మాటకు ఊరంతా తలొగ్గేది, ఒక్క ఆమె అక్క మొగుడు తప్ప. ఆయన రిటైరైన భూగోళం మాస్టారు. అడిగినా అడక్కపోయినా అన్నిటికీ అర్థం చెప్తాడని జనం నిఘంటువు గారనేవారు. ఆయన రంగురంగుల బొమ్మలున్న పుట్టగొడుగుల పుస్తకం ఒకటి కొన్నాడు.

"నీ కత్తికి ఇక సెలవిచ్చెయ్ మరదలా! అంతా ఇందులో ఉంది," అన్నాడు పుస్తకం మీద తట్టి.

"అందులో ఉంటే సరిపోదు బావగారూ, అడవిలో వాటికీ తెలియాలిగా," అంది పిన్ని.

ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. ఆదివారం పాత మాస్టార్లు నలుగురిని భోజనానికి పిలిచి, తనిఖీకి చూపించకుండా తానే ఏరుకొచ్చి వండుతానన్నాడు. పిన్ని ఉండబట్టలేక పొద్దున్నే అక్క వంటింట్లోకి దూరింది. బుట్టలో పదకొండున్నాయి. గోధుమరంగు గొడుగు, లావుపాటి కాడ, అచ్చం అందరూ ఎగబడి తినే రాజు బొలీటు. తిప్పి చూస్తే స్పాంజికి లేత గులాబీ ఛాయ. కాడ మీది వల గీతలు తెల్లగా ఉండాల్సింది పోయి ముదురుగా ఉన్నాయి. ఒక్కొక్కటే కోసి చూసింది. పదకొండూ చేదు బొలీట్లే.

"ప్రాణానికేం భయం లేదక్కా, నోరు మాత్రం వారం రోజులు ఏడుస్తుంది. ఆపమంటావా?"

అక్క బుట్టను మళ్ళీ పొయ్యి పక్కకి జరిపింది. "ముప్ఫై ఏళ్ళుగా నా వంటకి వంకలు పెడుతున్నాడే! ఒక్కపూట ఆయన వంట ఆయన్నే తిననీ." అని పక్క పొయ్యి మీద అతిథుల కోసం వేరే కూర పడేసింది.

భోజనాల దగ్గర నిఘంటువు గారు గరిటె పైకెత్తి, "రాజు బొలీటు! నూట పన్నెండో పేజీ," అని ప్రకటించాడు. మొదటి ముద్ద పెట్టుకున్న పాత హెడ్మాస్టరు కళ్ళు మూసుకుని, తెరిచి, "అద్భుతం" అని మూడు గ్లాసుల నీళ్ళు తాగాడు. రెండో ఆయన "ప్రత్యేకమైన రుచి" అన్నాడు. మిగతా ఇద్దరూ అక్క కూర మీదికి చెయ్యి చాపారు. చివర్న నిఘంటువు గారూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకొంచెం వెయ్యమంటారా బావగారూ?" అంది పిన్ని, గరిటె పట్టుకుని.

"వెయ్యి," అన్నాడు. పట్టుదలకు పుట్టినవాడు, మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

నెల రోజులు మరదలితో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున బుట్ట, పుస్తకం పట్టుకుని వచ్చి, అందరితోపాటు వరసలో బుద్ధిగా నిలబడ్డాడు. ఆయన వంతు వచ్చేసరికి చేతిలోంచి కళ్ళజోడు పెట్టె జారి బల్ల కిందికి దొర్లింది. తీయడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. గోడ మూల, నేలకు పరిచిన చెక్కపలకల సందులోంచి తువ్వాలంత మేర తుప్పురంగు ముడతల పొర పాకి ఉంది, అంచు చుట్టూ తెల్లటి నురగ. గబగబా పేజీలు తిప్పాడు.

"మరదలా, కుర్చీలోంచి లే."

"ఎందుకు?"

"బొలీటు చుట్టం నెత్తిన కూర్చున్నావు. లే!"

"ఓడిపోయినవాడి వేళాకోళం," అని నవ్వుతూ లేచి ఒక్క అడుగు వేసిందో లేదో, పలక ఫట్‌మని విరిగి కుడికాలు మోకాలి దాకా నేలలోకి దిగబడింది. వరస మొత్తం ఘొల్లుమంది.

నిఘంటువు గారు ఆమెను లేపడానికి తొందరపడలేదు. కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. "ఎండు కుళ్ళు, చెక్కను తినే బూజు. బొలీట్ల వంశమే. తేమ పట్టిన ఇళ్ళలో దూలాలు, పలకలు నమిలేసి తుప్పురంగు పొడి రాలుస్తుంది."

పిన్ని తెల్లబోయింది. రోజూ పొద్దున బల్ల మీద ఆ పొడినే గుడ్డతో తుడుస్తూ, వీధి దుమ్మని రోడ్లు ఊడ్చేవాళ్ళని తిట్టేది!

"చెయ్యివ్వండి బావగారూ," అంది, గొంతు తగ్గించి. ఆయన ఇచ్చాడు, కాకపోతే పేజీ పూర్తయ్యాక.

వడ్రంగులు నేలంతా పెకలించారు. గది బాగయ్యేదాకా బల్ల వీధి పంచలోకి మారింది. బావగారికి ఒక స్టూలు దొరికింది. ఆయన పేజీలు తిప్పడం, ఈమె గొడుగులు కొయ్యడం, ఇద్దరూ పోట్లాడుకోవడం. బుట్టలు లేనివాళ్ళు కూడా చూడ్డానికి వచ్చేవారు.

ఆ విజయం ఆయన తలకెక్కింది. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ముందు చేతికర్రతో నేల తడతాడు. ఆదివారమైతే మరదలి ఇల్లంతా టకటకలే. "మాది సిమెంటు నేల బావగారూ, దీన్ని ఏ బొలీటూ తినదు," అని ఆమె ఎన్నిసార్లు మొత్తుకున్నా, "చెప్పలేం, చుట్టాలు కదా," అంటూ పక్కగదిలోకి నడుస్తాడు.