చప్పుడు లేని బండి, చితకని నిమ్మకాయ

రెండేళ్ల కిందట, ఎండలు ముదిరి బడులకు సెలవులిచ్చిన రోజుల్లో, మా డ్రైవింగ్ స్కూల్ యజమాని నర్సింగ్‌రావు సార్ నాకు ఎస్తేరు టీచర్‌ను అప్పజెప్పారు. చిలకలగూడలో ఉన్న ఆ స్కూల్లో నేనప్పుడు సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. సీనియర్ అంటే అదేదో పెద్ద హోదా అనుకునేరు. స్టీరింగ్ చూస్తేనే చెమట్లు పట్టేవాళ్లు, ఇంట్లో మొగుడి పక్కన కూర్చుని నేర్చుకుని తిట్లు తిన్నవాళ్లు, టెస్టు తప్పినవాళ్లు అందరూ నా వంతుకే వస్తారని దాని అర్థం. నేను ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషిని. కానీ పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చున్నా, ఇంజను గొంతును బట్టి నేర్చుకునే వాళ్ల కాలు క్లచ్ మీద ఎంత లోపలికి ఉందో చెప్పగలిగేదాన్ని. నా పనంతా చెవుల మీద నడిచింది.

"సుగుణక్కా, టీచరమ్మకు ఒకపారి టెస్టు పోయింది. బండి ఆమెదే. మనోళ్లెవ్వరు గా బండిల కూసుంటలేరు" అన్నారు సార్.

"ఎందుకు కూసుంటలేరు?"

"క్లచ్ లేదు, చప్పుడు లేదు, మన దిక్కు బ్రేక్ సుత లేదు. ఏం చూసి నేర్పాలె అంటున్నరు."

వాళ్ల భయంలో న్యాయముంది. స్కూలు బండిలో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నేర్చుకునేవాళ్లు గోడ మీదికి పోనిచ్చినా మేము ఆపగలం. సొంత బండిలో ఆ వసతి ఉండదు. మధ్యలో ఉండే హ్యాండ్ బ్రేకే దిక్కు. అందుకే సొంత బండిలో నేర్పేటప్పుడు నా కుడిచెయ్యి దాని మీదనుంచి కదిలేది కాదు.

ఎస్తేరు టీచర్ మల్కాజ్‌గిరిలో ఉంటారు. గుంటూరు వైపు నుంచి వాళ్ల నాన్నగారి కాలంలోనే వచ్చి స్థిరపడిన కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. ఏళ్ల తరబడి చిన్నపిల్లలకు చదువు చెప్పి ఆ ఏడే రిటైరయ్యారు. తమ్ముడు దావీదు కుటుంబంతో కలిసి ఉంటున్నారు. రిటైరవగానే తన డబ్బుతో గచ్చకాయ రంగు చిన్న హైబ్రిడ్ కారు కొనుక్కున్నారు. వెనక తలుపు మొత్తం పైకి లేచే రకం. హైబ్రిడ్ అంటే బానెట్ కింద పెట్రోల్ ఇంజనూ ఉంటుంది, కరెంటు మోటారూ ఉంటుంది. నెమ్మదిగా పోయేటప్పుడు మోటారు లాగుతుంది, బలం కావాలంటే ఇంజను తనే లేచి తోడొస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు, పల్లంలో దిగినప్పుడు బ్యాటరీ దానంతటదే నిండుతుంది. ఇది తెలియక వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ బండి చుట్టూ తిరిగి, "అమ్మా, చార్జింగు వైరేది?" అని అడిగేవాడు.

బండి కొన్నది ఆమె, తిరుగుతున్నది దావీదు. ఆఫీసుకు, మార్కెట్టుకు, స్నేహితుల ఇళ్లకు అందులోనే వెళ్లేవాడు. "పెట్రోల్ బంకువాళ్లు నా మొహం మరిచిపోయారు సుగుణక్కా, అంత తక్కువ తాగుతుంది" అని మొదటిరోజే నాకు మురిసిపోతూ చెప్పాడు. చెడ్డవాడేం కాదు. అక్కకు ఏ పనీ కష్టం కాకుండా చూసుకోవాలనుకునే మనిషి. ఆ చూసుకోవడంలో అక్క చర్చికి ఎప్పుడు బయలుదేరాలో, పాటల ప్రాక్టీసు నుంచి ఎప్పుడు లేచి రావాలో కూడా అతనే నిర్ణయించేవాడు. టెస్టు తప్పిన ఆదివారం భోజనాల దగ్గర, "అక్కా, ఇంకొక్కసారి చూడు. ఈసారి కూడా పోతే బండి నాకొదిలెయ్యి, మళ్లీ ఆ మాటెత్తకు" అన్నాడట. అందరి ముందూ ఈమె సరేనన్నారట.

"నోరు జారాను సుగుణమ్మా, కానీ మాట మాటే కదా" అన్నారు నాతో.

మొదటి టెస్టు ఎలా పోయిందో కూడా ఆమే చెప్పారు. బ్రేకు మీద కాలు పెట్టి స్టార్ట్ మీట నొక్కారు. చప్పుడు రాలేదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ నొక్కారు. ఈ బండిలో మీట రెండోసారి నొక్కితే ఆరిపోతుంది. మూడోసారి నొక్కితే మళ్లీ లేచింది, చప్పుడు మాత్రం లేదు. నాలుగోసారి నొక్కేసరికి పక్కనున్న ఇన్‌స్పెక్టర్, "అమ్మా, బండి స్టార్ట్ చేయడం నేర్చుకుని రండి" అని దింపేశారు. ట్రాక్ మీద చక్రం ఒక్క చుట్టు కూడా తిరగలేదు.

నేను ఎక్కిన మొదటి పొద్దున కూడా అదే జరిగింది. ఆమె మీట నొక్కారు. నేను అలవాటు కొద్దీ చెవి ఒగ్గాను.

"అయ్యిందా టీచరమ్మా?"

"అది చెప్పడానికే కదా సుగుణమ్మా నువ్వొచ్చావ్!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. ఆ రాత్రి ఆమె బండితో ఇచ్చిన పుస్తకం తిరగేసి, మర్నాడు నాకు వివరంగా చెప్పారు. ముందు అద్దం కింద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగితే బండి సిద్ధంగా ఉన్నట్టు. ఇంజను తిరుగుతుందా లేదా అన్నది మనకు అనవసరం. అప్పటినుంచి పుస్తకం ఆమె వంతు, కాళ్లూ చేతులూ నా వంతు. "కాలు, మీట, దీపం" అని పైకి అనుకుంటూ చేయమన్నాను. బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు రాగం తీసి అనేవారు. దీపం వెలిగాక మీట జోలికి వెళితే ఆ పూట టీ ఆమె చేతులతో కాచి ఇవ్వాలని పందెం. మొదట్లో నాకు చాలా టీలు దొరికాయి.

తర్వాతి చిక్కు ఎడమకాలు. అంతకుముందు వేరే స్కూలువాళ్లు ఆమెకు క్లచ్ ఉన్న బండిలో నేర్పారు. ఇక్కడ ఉన్నవి రెండే పెడళ్లు, రెండూ కుడికాలివే. ఆ ఎడమకాలు ఊరుకోదు. క్లచ్‌ను వెతుక్కుంటూ పోయి బ్రేకును గట్టిగా తొక్కేది. మేమిద్దరం ముందుకు తూలేవాళ్లం. చెబితే వినే కాలు కాదది. అందుకని ఎడమ చెప్పు విప్పించేశాను. కింద వేసిన రబ్బరు పట్టా ఒట్టి పాదానికి తగిలినప్పుడల్లా, కదలొద్దని దానికి గుర్తొచ్చేది. కొద్ది రోజులకు కాలు బుద్ధిగా మూలన కూర్చుంది.

చప్పుడు లేకపోవడంతో రోడ్డు మీద వేరే తంటా. మల్కాజ్‌గిరి సందుల్లో కుక్కలు లేవవు, మనుషులు తప్పుకోరు. ఒకరోజు ఒక కూరగాయల బండతని వెనకాలే చాలాసేపు పోయాం. అతను ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, మమ్మల్ని చూసి చేతిలో తక్కెడ వదిలేశాడు.

"ఏందమ్మా, పిల్లి లెక్క వచ్చినవ్? జెరైతే నా టమాటలు, నేను ఒక్కతాన్నే పడుతుంటిమి!"

"హారన్ కొడితే ఉలిక్కిపడతావని కొట్టలేదు బాబూ."

"ఉలికిపడితే బతుకుత గదమ్మా!"

టీచరమ్మ దిగి అతని దగ్గర కిలో టమాటలు కొన్నారు. ఆ రోజునుంచి మలుపుకు ముందు, మనిషి వీపు కనబడగానే ఒక చిన్న హారన్ కొట్టడం మా పాఠంలో చేరింది.

అన్నిటికంటే కష్టం ఎత్తు. టెస్టు ట్రాక్‌లో ఒక చిన్న ఎత్తు కడతారు. సగంలో బండి ఆపాలి, మళ్లీ కదలాలి. వెనక్కి జారితే టెస్టు పోయినట్టే. క్లచ్ బండికి దీని మంత్రం హాఫ్ క్లచ్, అంటే క్లచ్‌ను సగం వదిలి ఇంజను గొంతు బరువెక్కగానే కదలడం. ఈ బండిలో అవేవీ లేవు. మా బన్సీలాల్‌పేట్ ఇంటి దగ్గర ఒక ఎత్తు సందు ఉంది, అక్కడికి తీసుకుపోయాను.

కొత్త బండి కొంటే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మా ఇళ్లలో ఆచారం. నేను దాన్ని తిరగేసి వాడుకున్నాను. ఎత్తులో బండి ఆపించి, వెనక టైరుకు వెనకవైపు ఆనుకుని ఒక నిమ్మకాయ పెడతాను. అది చితక్కుండా కదలాలి. చితికినవి షర్బత్‌కు, చితకనివి పులిహోరకు. నిమ్మకాయ చూడగానే టీచరమ్మ కంగారుపడ్డారు.

"మా పాస్టరుగారు ఇటుగా వస్తే ఏమనుకుంటారు సుగుణమ్మా?"

"ఇది పూజ కాదు టీచరమ్మా, పరీక్ష. మీరు పిల్లలకు పెట్టలేదా?"

దావీదుకు ఈ సంగతి తెలిసి, "ఏమక్కా, మంత్రాలతో పాసవుదామనా?" అని ఇంట్లో ఏడిపించాడట.

ఆ సందులో చితికిన నిమ్మకాయలతో మా వాడకట్టంతా షర్బత్ తాగింది. ఎందుకు చితుకుతున్నాయో నాకు ముందు అంతుపట్టలేదు. టీచరమ్మ సరిగ్గానే కదిలేవారు, బండి జానెడు పైకెక్కేది, అంతలో వెనక్కి జారేది. ఒకరోజు నేను ఆమె కాలు చూడడం మానేసి మొహం చూశాను. అప్పుడు తెలిసింది. నిశ్శబ్దంగా కదిలిన బండికి ఎత్తులో బలం చాలక, ఇంజను ఉన్నట్టుండి గుర్రుమని లేచేది. ఆ చప్పుడుకు ఆమె బెదిరి, తానేదో తప్పు చేశానని కాలు తీసేసేవారు. చప్పుడు లేనందుకు మొదట భయం, చప్పుడు వచ్చినందుకు ఇప్పుడు భయం.

"టీచరమ్మా, అది మిమ్మల్ని తిట్టట్లేదు. సాయం చేద్దామని నిద్రలేచింది. లేవనియ్యండి. మీరు మాత్రం కాలు తీయకండి" అన్నాను.

మళ్లీ ఎక్కించాం. ఇంజను అరిచింది. ఆమె పళ్లు బిగించారు, కాలు తీయలేదు. నేను దిగి చూస్తే నిమ్మకాయ ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఆ వారం మా ఇంట్లో పులిహోర మొదలైంది.

టెస్టు రోజు బండి దావీదే నడుపుకుంటూ వచ్చాడు. దారంతా మా ఇద్దరినీ వదల్లేదు. "అక్కా, బ్రేకు ఏ కాలో గుర్తుందా? సుగుణక్కా, నిమ్మకాయలు తెచ్చారా?" నా హ్యాండ్‌బ్యాగులో ఒకటి ఉంది కానీ చెప్పలేదు.

నేర్పినవాళ్లు ట్రాక్ లోపలికి పోకూడదు. కంచె బయట నిలబడాలి. దావీదు నా పక్కన నిలబడ్డాడు. రెండో తాళం ఎప్పుడూ అతని జేబులోనే ఉంటుంది, దాన్ని వేలికి తగిలించి గిరగిరా తిప్పుతున్నాడు. బండి మాకు దగ్గర్లోనే ఆగి ఉంది, అద్దాలు దించి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఎక్కి కూర్చున్నారు. ఆమె పెదవులు కదలడం నాకు కనబడింది. కాలు, మీట, దీపం.

"స్టార్ట్ చేయండమ్మా" అన్నారు ఆయన.

"చేశాను సార్."

"ఏదీ, చప్పుడు రాలేదే? మళ్లీ చేయండి."

పెద్ద అధికారి చెప్పిన మాట. ఆమె చెయ్యి స్టీరింగ్ మీదనుంచి లేచింది. మీట వైపు పోయింది. నేను కంచెను పట్టుకున్నాను. ఆ చెయ్యి మీట దాకా పోయి, దాన్ని దాటి, అద్దం కింద దీపాన్ని చూపించింది.

"దీపం వెలిగింది సార్. బండి సిద్ధంగా ఉంది. మీరు చెప్పడమే ఆలస్యం."

ఆయన వంగి చూశారు. "సరే, పోనివ్వండి" అన్నారు.

ఎనిమిది ఆకారం తిప్పారు. వెనక్కి తెచ్చి గీతల మధ్య పెట్టారు. ఎక్కడా తొందర లేదు, క్లాసులో వరసల మధ్య నడిచినట్టు నడిపారు. ఆఖరున ఎత్తు. సగంలో ఆగారు. బండి పూర్తిగా మౌనమైపోయింది. వరసలో నిలబడ్డ ఒకాయన, "బంద్ పడ్డది పో" అన్నాడు.

"చూశారా సుగుణక్కా, ఆగిపోయింది" అన్నాడు దావీదు.

"ఆగలేదు దావీదూ. టీచరమ్మ ఆపారు" అన్నాను.

నేను వెనక టైరునే చూస్తున్నాను. అక్కడ నిమ్మకాయ లేదు, కానీ నా కళ్లకు ఉంది. టైరు పైకి కదిలింది. ఇంజను గుర్రుమని లేచింది, మామూలుకంటే గట్టిగానే. టైరు వేలెడు కూడా వెనక్కి రాలేదు. బండి ఎత్తెక్కి అవతలికి దిగిపోయింది. నేను ఉద్యోగంలో ఎన్నడూ చప్పట్లు కొట్టలేదు, అది పద్ధతి కాదు. ఆ రోజు కొట్టాను. బంద్ పడ్డదన్నాయన కూడా కొట్టాడు.

ఇన్‌స్పెక్టర్ దిగి సంతకం పెడుతూ కిందికి చూశారు.

"పాసయ్యారమ్మా. అంతా బాగుంది గానీ ఎడమ చెప్పేది?"

"ఈ రోజు దానికి పని లేదు సార్" అన్నారు టీచరమ్మ.

ఆయన నవ్వి వెళ్లిపోయారు. ఆమె కంచె దగ్గరకొచ్చి తమ్ముడి ముందు చెయ్యి చాపారు.

"రెండో తాళం కూడా."

"అదెందుకే అక్కా, ఇంట్లో అత్యవసరానికి ఉంటుంది కదా?"

"అత్యవసరమైతే అడుగు. ఇస్తాను. ఎప్పటికి తెస్తావో చెప్పి తీసుకెళ్లు."

దావీదు పెద్దగా నవ్వేసి తాళం ఆమె చేతిలో పెట్టాడు. లైసెన్సు కార్డు ఇంకా ఇంటికి రావాలి కాబట్టి ఎల్ బోర్డు ఉంచి, నేను పక్కన కూర్చున్నాను. దావీదు వెనక ఎక్కి తన బ్యాగును సీటు పక్కనున్న జాలీకి ఆనించి పెట్టాడు. ఆమె అద్దంలోంచి చూశారు.

"బ్యాగు తియ్. అక్కడినుంచి బ్యాటరీ గాలి పీల్చుకుంటుంది. మూస్తే వేడెక్కుతుంది."

"ఇన్నాళ్లు అక్కడే పెట్టానే!"

"ఇన్నాళ్లు నువ్వు నడిపావు."

అతను బ్యాగును ఒళ్లో పెట్టుకుని మల్కాజ్‌గిరి దాకా కూర్చున్నాడు. దారిలో సోడా బండి దగ్గర ఆపి, నా బ్యాగులోని నిమ్మకాయ తీసి దావీదు చేతికిచ్చాను. గ్లాసులో పిండుకుని, "మంత్రం బాగానే పనిచేసింది సుగుణక్కా" అన్నాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మా స్కూలుకు వచ్చిన క్లచ్ లేని బండ్లన్నీ నాకే ఇచ్చారు. నేర్పే పద్ధతి రెండు చోట్ల మార్చుకున్నాను. కొత్త రకం బండి ఎక్కితే ముందు చెవులు పక్కన పెట్టి, అది ఎప్పుడు మాట్లాడుతుందో, ఎప్పుడు మాట్లాడదో కళ్లతో చూసుకున్నాకే నేర్పడం మొదలుపెట్టేదాన్ని. రెండోది, నేర్చుకునేవాళ్లందరికీ మొదటిరోజే చెప్పేదాన్ని. మన కాలు సరైన చోట ఉన్నప్పుడు, ఎవరు అరిచినా కాలు తీయకూడదు.