క్యాలెండరు అట్ట వేసిన చరిత్ర

ఆ రోజుల్లో నాకు రెండు పిచ్చి నమ్మకాలు ఉండేవి. లావుపాటి పుస్తకం చంకలో ఉంటే తెలివి దానంతటదే ఎక్కుతుందని ఒకటి, మూడు రోజులు సెలవు దొరికితే దేశ రాజకీయ చరిత్రంతా నమిలేయొచ్చని రెండోది. చర్ల అవతల ఒక అడవి పల్లె బడిలో విద్యా వాలంటీరుగా కొత్తగా చేరాను. ఆ ఏడు జెండా పండగ శుక్రవారం పడింది, శనివారం కూడా సెలవిచ్చారు. కాలేజీలో నాకు పాఠం చెప్పిన లెక్చరర్ దగ్గర ఆరువందల పేజీల చరిత్ర అడిగి తెచ్చుకున్నాను. దాని అట్ట పండుమిరప ఎరుపు.

ములకలపల్లిలో మా ఇంట్లో అది చూడగానే అమ్మకు చెమటలు పట్టాయి. పండగ ముందు ఆ దారిలో బస్సులు ఆపి సంచులన్నీ వెతుకుతారు, ఎర్ర అట్ట కనబడితే నక్సలైట్ల పుస్తకమనే అనుకుంటారు. "లోపల ఏమున్నదో ఎవలు చదువుతరు బిడ్డా? అట్టనే చూస్తరు" అంటూ, చర్చిలో ఇచ్చిన పాత క్యాలెండరు చింపి, గొర్రెపిల్లను ఎత్తుకున్న ప్రభువు బొమ్మ పైకి వచ్చేలా అట్ట వేసింది. (నేను వద్దన్నాను. గట్టిగా మాత్రం అనలేదు.)

మర్నాడు బడిలో జెండా ఎగరేయాలని గురువారం మధ్యాహ్నం బయల్దేరితే, అమ్మ అనుకున్నట్టే పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపారు. సన్నగా వాన. సంచులతో దిగి వరుసలో నిలబడ్డాం. అనుమానం వచ్చి నన్ను కూర్చోబెట్టారంటే నెల తిరగని ఉద్యోగం హుళక్కే. కానిస్టేబుల్ నా సంచిలోంచి పుస్తకం తీసి, బొమ్మ చూసి, "బైబిలా సారూ?" అన్నాడు. నన్ను అడగకుండానే నా నోరు "అవ్" అంది. ఆయన పుస్తకం పట్టుకుని, నన్ను రేకుల షెడ్డు వెనక్కి రమ్మన్నాడు. అయిపోయింది అనుకున్నాను.

"మా ఇంటామెను కాన్పుకు దవాఖానాల జాయిన్ చేసిండ్రు. జర కష్టమంటున్నరు. పండగ డ్యూటీ, లీవియ్యలే" అన్నాడు మెల్లగా. "ఒక్క ప్రార్థన చెయ్యి సారూ."

రాజకీయ చరిత్ర మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను. సగం ఆ తల్లి కోసం, సగం ఆయన పుస్తకం తెరవకూడదని వేడుకున్నాను. ఇంత భక్తి నాలో ఉందని మా పాస్టరుకు కూడా తెలియదు.

ఆ మూడు రోజులూ పుస్తకం తెరిచానే గాని పేజీ కదల్లేదు. ఆమెకు ఏమైనా అయితే నా అబద్ధం వల్లేననిపించేది. ఆదివారం సాయంత్రం ఆయనే వాకబు చేసుకుని, నేను ఉంటున్న బడికి వచ్చాడు, చేతిలో లడ్డూల పొట్లం. "ఆడపిల్ల. ఇద్దరూ మంచిగున్నరు. ఆ పుస్తకం ఒక్కసారి ఇటియ్యి సారూ" అని తీసుకుని కళ్లకు అద్దుకున్నాడు. నిజం చెప్పాలని నోరు తెరిచాను. లడ్డూ తిన్నాను.

తర్వాత లెక్చరర్‌ను బతిమాలి ఆ పుస్తకం ఉంచేసుకున్నాను. సగానికి పైగా ఇప్పటికీ చదవలేదు. ఆ పిల్ల ఈపాటికి డిగ్రీకి వచ్చి ఉంటుంది. చరిత్ర చదువుతానంటే దీన్ని ఆమెకే ఇచ్చేస్తాను. వాళ్ల నాన్నకు నిజం కూడా అప్పుడే చెబుతాను. అట్ట మాత్రం తీయను.